దారి రంగు అడిగిన మనిషి

నన్ను పురిటికి తీసుకుపోవడానికి నాయన మా అత్తగారి ఊరు గిద్దలూరు వచ్చాడు. రైల్లో కిటికీ పక్కన కూర్చున్నాను. గాలి కోసమని నాయన అనుకున్నాడు. నేను దారి చూస్తున్నాను. కంభం దాటాక నేల ఏ రంగులో ఉంది, తర్లుపాడు దగ్గర ఎట్లా మారింది, అక్కణ్ణుంచి మా మార్కాపురం స్టేషను దాకా ఎండ ఎట్లా పడింది, అన్నీ వరసగా గుర్తు పెట్టుకున్నాను. ఊరికి పోగానే ఒక మనిషి అడుగుతుంది. తడుముకుంటే కోప్పడుతుంది.

స్టేషను నుంచి ఊళ్లోకి పోయే బండిలో, కుమ్మరి వీధి పెద్దమ్మ బాగుందా అని నాయనను అడిగాను.

"ఆమె పోయి పదైదు దినాలైంది గదమ్మా," అన్నాడు నాయన. "నీకెవురూ రాయలేదా?"

ఎవరూ రాయలేదు. రాయడానికి ఆమె మాకు చుట్టం కాదు, పక్కం కాదు. గుర్తు పెట్టుకున్న రంగులన్నీ ఎవరికీ చెప్పాల్సిన పని లేకుండా మిగిలిపోయాయి.

ఆమె పేరు నాకు ఇప్పటికీ తెలియదు. ఊళ్లో రంగులామె అనేవాళ్లు. మా వీధి ఆడపిల్లలం పెద్దమ్మా అని పిలిచేవాళ్లం. పొట్టి మనిషి, కొంచెం ముందుకు వంగి నడిచేది. ఎడమ ముంజేతి మీద ఎప్పుడు చూసినా నాలుగైదు గీతలు ఉండేవి. జాడీలకు వేసే పూత కలిపినప్పుడు చిక్కదనం చూడటానికి వేలితో తీసి అక్కడ గీసుకునేది. ఆ గీతలు స్నానం చేసినా పూర్తిగా పోయేవి కావు. గాజులు ఉండాల్సిన చోట అవి ఉండేవి.

గిద్దలూరు నుంచో బేస్తవారిపేట నుంచో బండ్లు వస్తే వీధి మొదట్లో నిలబడి బండివాళ్లను ఆపేది. అందరూ వాన పడిందా, పశువులకు మేత ఉందా అని అడిగేవాళ్లు. ఆమె మాత్రం, "దారి ఏ రంగుండాది?" అని అడిగేది.

"ఎప్పుడూ ఉండే రంగే," అనేవాడు బండివాడు.

"ఎప్పుడూ ఉండే రంగు అనేది లేదు నాయనా. కండ్లు ఎద్దుల మింద పెట్టి వచ్చినావు. పో."

వాళ్లు నవ్వుకుంటూ పోయేవాళ్లు. కొందరు మాత్రం తర్వాతి సారి చూసుకుని వచ్చి, ఇటుకరాయి రంగమ్మా, పొద్దుగూకేటప్పుడు కొంచెం నలుపు తిరిగిందమ్మా అని తామే బండి ఆపి చెప్పేవాళ్లు. అప్పుడు ఆమె ముఖం చూడాలి. విందుకు పిలిచినట్టు ఉండేది.

వయసులో ఉన్నప్పుడు భర్తతో రైలెక్కి దక్షిణాన ఏదో జాడీల కార్ఖానాకు కూలికి పోయిందట. భర్త మట్టి తవ్వేవాడు. ఆమె పచ్చి జాడీలను పూతలో ముంచి తీసేది. ఆ పూతలో ఏమేం కలుపుతారో కూలివాళ్లకు ఎవరూ చెప్పరు. ఆమె చూసింది, వాసన పట్టింది, ఎవరూ చూడనప్పుడు నాలుక మీద పెట్టుకుంది. భర్త అక్కడే పోయాడు. చేతిలో మూట తప్ప ఏమీ లేకుండా మార్కాపురం వచ్చి మరిది ఇంట్లో చేరింది.

కుండలు చేసే సారె ఆడవాళ్లు తాకకూడదు. అందుకని కుండ చేసేది మరిది, పూత వేసేది ఆమె. ఆ పూతలోకి పలకల కార్ఖానాల బయట పారబోసిన పలకరాయి పొడి, చాకళ్లు బట్టలకు వాడే చవుడు, కంసాలులు వాడే వెలిగారం, వీటన్నిటినీ కలిపి కరిగించడానికి పగిలిన గాజుల పొడి. ఆ జాడీల కార్ఖానాలో ఉన్నంత వేడి కుండలు కాల్చే మా ఊరి ఆవంలో ఉండదు, గాజు తోడు లేకపోతే రాయి కరగదు అని చెప్పేది. పూత వేసిన జాడీని పెద్ద బానలో పెట్టి, బాన మూతికి మట్టి మెత్తి ఆవంలో దించేది. జాడీ అడుగు అంటుకోకుండా మూడు మట్టిబుడిపెలు పెట్టేది. అందుకే ఆమె జాడీ ఎవరింట్లో ఉన్నా, తిరగేసి చూస్తే అడుగున మూడు చుక్కలు ఉంటాయి.

ఆ జాడీలకు ఎరుపు, బూడిద రంగు అని పేర్లు లేవు. ఒకటి కంభం దారి. ఒకటి బేస్తవారిపేట బోద, అంటే వేసవిలో గుట్టల మీద గడ్డి కాలాక మిగిలే నలుపు, అక్కడక్కడా పసుపు. ఒకటి దొనకొండ మధ్యాహ్నం. అది తెలుపూ కాదు, బూడిదా కాదు. దాన్ని చూస్తే కళ్లు చికిలించాలనిపిస్తుంది. పూత సన్నగా పగుళ్లు తీస్తే పారేయకుండా దానికి ఎండిన చెరువు అని పేరు పెట్టి, పప్పులు పోసుకోవడానికి ఇచ్చేది.

మా నాయన కొట్లో పొట్లాలకు వచ్చే పాత కాగితాల్లోంచి నేను పుస్తకాలు ఏరుకుని దాచుకునేదాన్ని. అట్లా దొరికిన ఒక చిరిగిన పుస్తకంలో ఎడారి గురించి చదివి, ఎవరితోనూ మాట్లాడని నేను ఆమెకు చెప్పాను. ఎటు చూసినా ఇసుకే, ఏళ్ల తరబడి వాన ఉండదు అన్నాను. ఆమె చేతిలో పని ఆపి అడిగింది.

"ఆ ఎడారిలో కుమ్మరోళ్లు ఉంటారా?"

పుస్తకంలో లేదు, తెలియదు అన్నాను.

"ఉంటే వాళ్లకు మనకంటే ఎక్కువ రంగులు తెల్సి ఉంటాయి. నీళ్లు లేని తావునే నేల సరిగ్గా కనపడతాది," అంది.

ఆమె దగ్గర లేనిది ఒకటే రంగు. తొలకరి పడ్డాక మా ఎర్ర గరువు నేలల మీద పది రోజులు కనిపించి పోయే పచ్చ. అది రాళ్లలో లేదు, మట్టిలో లేదు. ఆకుపచ్చ గాజుల్లోంచే రావాలి. ఆడపిల్లలందరినీ పగిలిన పచ్చగాజులు తెమ్మని అడిగేది. మేం తెచ్చేది పిడికెడు కూడా అయ్యేది కాదు.

నాకు పద్నాలుగేళ్లప్పుడు మా అన్న విషజ్వరంతో పోయాడు. వదినకు అప్పుడు పద్దెనిమిది. పదో రోజు వెనక గదిలో ఆమె చేతి పచ్చగాజులు రాయితో పగలగొట్టారు. ఆ ముక్కలు పాతగుడ్డలో మూటకట్టి, ఊరి బయట వాగు ఇసుకలో పూడ్చిరావాలని మా నాయనమ్మకు అప్పగించారు. అట్లాంటివి పెళ్లి కాని పిల్లలు ముట్టుకోకూడదు. కానీ నాయనమ్మకు మోకాళ్లు పట్టేసి ఉన్నాయి. ఆ మాట చెబితే ఆ ఇంట్లో ఆ రోజు వినేవాళ్లు లేరు. మూట నా చేతిలో పెట్టి, ఎవరికీ చెప్పకుండా వాగులో పూడ్చి, కాళ్లు కడుక్కుని రమ్మంది.

వాగుకు పోవాలంటే శ్మశానం పక్కగా పోవాలి. పది రోజుల కిందట అన్నను అక్కడికే తీసుకుపోయారు. వీధి చివరిదాకా పోయి ఆగిపోయాను. మిట్టమధ్యాహ్నం, మనిషి లేడు. మూటలో గాజుముక్కలు నడకకు గలగలమంటున్నాయి. ముందుకు పోలేను, మూటతో ఇంటికి పోలేను. ఎటు పోతున్నానో తెలిసే లోపల కుమ్మరి వీధిలో ఉన్నాను.

పెద్దమ్మ రోలు ముందు కూర్చుని ఉంది. గాజులమ్మే ఆమె తన గాజుల మలారంలో పగిలినవి ఇచ్చింది, నీకు తెచ్చాను అని చెప్పి మూట పెట్టాను. మూట విప్పి ఒక ముక్క ఎత్తి వెలుగుకు పట్టుకుంది. ఇంకొకటి ఎత్తింది.

"ఇది మలారంలో పగిలిన గాజు కాదు పాపా," అంది. "మలారంలో పగిలితే రెండు ముక్కలైతాది, మూడైతాది. ఇది రాయితో కొట్టింది."

నేను ఏడ్చాను. ఎవరివో ఆమె అడగలేదు. నేనే చెప్పాను. చెప్పాక భయం ఇంకా ఎక్కువైంది. ఆమె నా వైపు చూడకుండా, రోకలి పక్కన పెట్టి, తన ముంజేతి మీది గీతల్లో పాతదొకటి చూపించింది.

"నేను ఈడికొచ్చి మొదట చేసిన పూతలో నా గాజులే వేసినా. యాడన్నా పారేయమన్నారు. నేను పారేయలే. ఏడేండ్లు ఏసుకున్న గాజులు, ఇసుకలో ఎట్ల పెట్టేది?" అని, మూట ముడి వేస్తూ, "ఇవి అమ్మను. ఆ రంగు ఎట్లొస్తాదో చూసుకుంటా, అంతే. పో, కాళ్లు కడుక్కో," అంది.

కాళ్లు కడుక్కుని ఇంటికి పోయాను. వాగులో పూడ్చాను అని నాయనమ్మతో చెప్పాను. వెనక గదిలో గోడకు ఆనుకుని కూర్చున్న వదిన నన్నొకసారి చూసి తల తిప్పుకుంది.

ఆ నెలలోనే ఆవం తీశారు. రంగు వచ్చింది. రెండు డజన్ల గాజులు ఒక చిన్న జాడీకి సరిపోయాయి. నన్ను లోపలికి పిలిచి, గోనెపట్టా తీసి చూపించింది. భుజాల దగ్గర లేతపచ్చ, కిందికి జారేకొద్దీ నేల ఎరుపు లోపలినుంచి కనిపిస్తూ ఉంది. వాన పడి నాలుగు రోజులైన గరువు నేల అది. ఆమె వేలి కణుపుతో జాడీని తట్టి, కళ్లు మూసుకుని, ఆ మోత ఆగేదాకా విన్నది. మళ్లీ గోనెపట్టా కప్పింది.

ఏడాది తిరిగింది. మైల తీరింది కాబట్టి ఆ వేసవిలో మా ఇంట్లో ఆవకాయ పెట్టాలనుకున్నారు. యుద్ధం మూలంగా రైల్లో వచ్చే జాడీలు ఆగిపోయాయి. మా కోమట్ల ఇళ్లలో అప్పటిదాకా ఊరి కుమ్మరి చేసిన దాంట్లో ఊరగాయ పెట్టిన వాళ్లు లేరు. ఉత్తకుండ నూనె పీలుస్తుంది, ఉప్పు పూస్తుంది. పూత వేసినా అది కుండేనని అందరి అనుమానం. పెద్దమ్మకు మరిది గడువు పెట్టాడు. ఈ వేసవిలో మా వీధి ఇళ్లు జాడీలు తీసుకుంటే సరే, లేకుంటే రంగుల పని కట్టిపెట్టి పొలం కూలికి పోవాలి. ఈ సంగతి ఊరందరికీ తెలుసు. ముందు ఎవరు తీసుకుంటారా అని ఒక ఇల్లు ఇంకొక ఇంటి వైపు చూస్తూ ఉంది.

ముందు తీసుకున్నది మా అమ్మ. ఆ రోజు పెద్దమ్మ చవుడు కోసం దొనకొండ వైపు పోయింది. ఆవం పాకలో ఉన్నవాటిలో మంచిది చూపించమని అమ్మ అడిగితే, మరిది గోనెపట్టా కింద ఉన్నది తీసి ఇచ్చాడు. అతనికేం తెలుసు?

అమ్మ దాన్ని చంకన పెట్టుకుని ఇంట్లోకి వచ్చింది. ఎంత చక్కటి రంగో చూడమని అందరినీ పిలిచి చూపించింది. చెప్పాలి. చెబితే ముట్టుకోకూడని మూట ముట్టుకున్నందుకు నన్ను తిడతారు, అది తక్కువ. ముండమోసిన చేతి గాజులతో జాడీ చేసిందని పెద్దమ్మ గుమ్మం ఎవరూ తొక్కరు. చెప్పకపోతే ముత్తయిదువులు, పిల్లలు అందరూ దాంట్లోది తింటారు. ఇంట్లో ఎవరికి ఏ జ్వరం వచ్చినా అది నా మూలంగానే. రెండు రోజులు ఇట్లాగే లెక్కలు వేస్తూ తిరిగాను. మూడో రోజు ఆవకాయ కలిపి జాడీకి ఎత్తారు.

ఆ సాయంత్రం ఎండ తగ్గకముందే పెద్దమ్మ వచ్చింది. చంకలో పలకరాయి రంగు జాడీ ఒకటి. ముఖమంతా దుమ్ము. దొనకొండ నుంచి వస్తూనే తెలిసినట్టుంది.

"సెట్టెమ్మా, మీకిచ్చిన జాడీలో దోషముండాది," అంది. "పూత సరిగా పట్టలే. పులుపు లోపలికి దిగుతాది. ఇది మంచిది, తెచ్చినా. దాన్ని నాకిచ్చేయండి."

అమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "ఏందమ్మా, నీ చేతి పని నువ్వే చెడ్డదంటివి. మరి మిగతావి ఎవురు కొంటారు? వీధిలో అడిగితే నేనేం చెప్పాల?"

పెద్దమ్మ చంకలోని జాడీని ముందుకు చాపింది. ఆమె ఏం పోగొట్టుకుంటుందో నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. తన చేత్తో చేసిన వాటిలో అంత మంచిది ఇంకొకటి లేదు. దాన్ని చెడ్డదని అదే వీధిలో నిలబడి చెబుతోంది. ఒక్కసారి నా వైపు చూసింది. నువ్వు మాట్లాడొద్దు అన్నట్టు చూసింది. నేను గడప పట్టుకుని నిలబడ్డాను.

"దోషమంటే ఏంది దోషం? చూపీ," అంది అమ్మ.

అప్పుడు వెనక గదిలోంచి వదిన వచ్చింది. ఏడాదిగా బయటి మనిషి ఉండగా ఆమె నడవలోకి వచ్చింది లేదు. నేరుగా జాడీ దగ్గరికి పోయి, కొంగుతో దాని చుట్టూ తుడిచి, తుడిచిన కొంగు అమ్మకు చూపించింది.

"నూనె మరక లేదత్తా. చెమట లేదు. బాగుండాది. దీన్ని ఉండనీయండి."

చెప్పాక కూడా చెయ్యి తీయలేదు. ఆమె ఉత్త ముంజేయి జాడీ భుజం చుట్టూ ఉంది. పెద్దమ్మ ఆ చేతి వైపే చూసింది. చాలాసేపు చూసింది.

"నేనే పొరబడినా," అంది పెద్దమ్మ చివరికి. "కండ్లు ముసలివైనాయి. వేరే జాడీ అనుకొని వచ్చినా. ఇది మంచిదే సెట్టెమ్మా. దీన్ని మించింది నేను చేయలే."

అమ్మకు నవ్వొచ్చింది. "మంచి వ్యాపారమే నీది. తెచ్చిన దాన్ని కూడా ఆడ పెట్టి పో. మాగాయ పెట్టుకుంటా," అంది.

మరుసటి రోజు ఎదురింటివాళ్లు కంభం దారి తీసుకున్నారు. వారంలో పాక ఖాళీ అయింది.

నా భయం మాత్రం ఖాళీ కాలేదు. ఆ ఏడాది నా డైరీ ఇప్పుడు తిరగేస్తే నవ్వూ రావడం లేదు, ఏడుపూ రావడం లేదు. అమ్మకు పంటినొప్పి వస్తే, ఆవు ఈనడం ఆలస్యమైతే, నాయన ఊరికి పోయి చెప్పిన బండికి రాకపోతే, అన్నిటికీ ఆ జాడీయే కారణమని రాసుకున్నాను. ప్రతి పేజీ చివర ఒకటే మాట ఉంది, ఏమీ కాలేదు అని. పంటినొప్పి తగ్గింది, ఏమీ కాలేదు. నాయన వచ్చాడు, ఏమీ కాలేదు. అందరూ ఆ జాడీలోది తిన్నారు. నేను మాత్రం ఒక్కసారి కూడా తినలేదు. కారం పడదని చెప్పేదాన్ని.

పెద్దమ్మ దగ్గరికి పోవడం తగ్గించాను. ఆమె కనిపిస్తే అన్నీ బయటపడతాయని భయం. ఎదురుపడితే ఆమె ఆ ఊసు ఎత్తేది కాదు. పెళ్లై గిద్దలూరుకు పోయేటప్పుడు మాత్రం వీధి మొదట్లో బండి ఆపింది. కొత్త పెళ్లికూతురి బండి ఆపితే మావాళ్లు విసుక్కున్నారు. ఆమె పట్టించుకోలేదు.

"వచ్చేటప్పుడు కంభం దాటినాక దారి చూసుకొని రా," అంది. "బండోళ్లు చూడరు. నువ్వు చూస్తావు."

ఇంటికి వచ్చాక అమ్మ చెప్పింది. ఆమె పోయిన రోజు మరిది భార్య ఇంట్లో కుండలన్నీ ఆచారం ప్రకారం వీధిలో పారేసిందట. పూత వేసిన జాడీలు కూడా తెచ్చి గడప దగ్గర పెట్టి, వీటినేం చేయాలని అందరినీ అడిగిందట. కుండలైతే పారేయాలి, జాడీలైతే ఉంచాలి. మా అమ్మే చెప్పిందట, అవి జాడీలమ్మా, లోపల పెట్టుకో అని.

మధ్యాహ్నం నాకు వదిన వడ్డించింది. ఇంట్లో అందరూ పడుకున్నారు. నా చేతినిండా మా అత్తగారు వేయించిన పచ్చగాజులు. అన్నం కలిపేటప్పుడు అవి చప్పుడు చేస్తుంటే నాకు సిగ్గేసింది. చెయ్యి దగ్గరికి లాక్కున్నాను. వదిన పచ్చజాడీ తెచ్చి పీట పక్కన పెట్టి మూత తీసింది. నాకు వద్దన్నాను. కారం పడదన్నాను.

"గిద్దలూరులో తింటావంట గదా. మీ అత్త చెప్పిందని మీ నాయన అన్నాడు."

నేను పళ్లెంలో అన్నం పక్కకు తోశాను.

"ఆ పొద్దు నువ్వు వాగుకు పోలేదని నాకు తెల్సు," అంది వదిన, గరిటెతో నూనె పైకి కలుపుతూ. "తిరిగొచ్చినప్పుడు నీ లంగా అంచుకు వాగు ఇసుక లేదు, పలకరాయి పొడి ఉండె."

ఎన్నేళ్ల భయం, ఎన్ని పేజీలు! ఆమెకు మొదటి రోజు నుంచీ తెలుసు. జాడీ ఇంట్లోకి వచ్చిన రోజు దాన్ని చూడగానే తెలుసు.

"పెద్దమ్మ చెప్పిందా?"

"ఆమె ఏమీ చెప్పలే. నువ్వు అత్తగారింటికి పోయినాక నేనే ఆమె కాడికి పోతాంటి అప్పుడప్పుడు. గాజు దంచి ఇస్తాంటి." వదిన తన ఎడమచెయ్యి తిప్పి చూసుకుంది. ముంజేతి మీద సన్నగా, ఆరిపోయిన గీత ఒకటి ఉంది. ఇంతసేపూ నేను చూడలేదు. "తిను. ఏమీ కాదు."

పళ్లెం ముందుకు జరిపాను. ఒక ముక్క వేసింది. తిన్నాను. పులుపు, ఉప్పు, కారం, అంతే. అన్ని ఆవకాయల్లాంటి ఆవకాయ. రెండో ముక్క నేనే అడిగాను.

వదిన జాడీకి మూత పెట్టి, మూతి చుట్టూ వాసెనగుడ్డ కట్టి, దానికి ఆనుకుని కాళ్లు చాపుకుని కూర్చుంది. అప్పుడు అడిగింది.

"కంభం దాటినాక దారి ఏ రంగుండాది?"

"ఎరుపే," అన్నాను. "తర్లుపాడు దగ్గరికొచ్చేటప్పటికి దాని మీద సన్నగా పచ్చ. వాన పడి మూడు రోజులై ఉంటుంది. ఇంకా పశువులు తొక్కలేదు."